పడ్డవాడొకడు, లేచినవాడొకడు

తెర తెల్లబడింది. రీలు అయిపోయిందనుకుంది కహకషాన్. అయినా కుర్చీలోంచి లేవలేకపోయింది. పోయిన వారం ఆమెను అలా ప్రివ్యూ గదిలో ఒంటరిగా వదిలేసి వచ్చాం.

మధ్యలో వచ్చి చేరిన పాఠకుల కోసం నాలుగు మాటలు. కహకషాన్‌ది బోధన్. దోహాలో మెసైమీర్ దగ్గర, పాత సినిమా రీళ్లను కంప్యూటర్లోకి ఎక్కించి, గీతలు చెరిపి, రంగులు అద్ది కొత్తవాటిలా తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తుంది. దాన్ని నడిపే ఫసీయుద్దీన్ ఆమె తండ్రికి చిన్ననాటి స్నేహితుడు. ఆమె ఆయన్ను చిచ్చా అని పిలుస్తుంది. ఒక ఛానల్ వాళ్లు ఈ ల్యాబ్‌కు పెద్ద పని అప్పగించారు. అరవై ఏళ్ల కిందటి అమెరికన్ టీవీ సీరియల్ 'రెడ్‌వాటర్ పాస్'కు రంగులు అద్దాలి. అందులో షెరీఫ్ వేషం కట్టిన లాయిడ్ బ్రాంటన్ జీవితం మీద ఒక డాక్యుమెంటరీ తీయాలి. దానికి ఉర్దూలో, తెలుగులో వ్యాఖ్యానం రాసిందీ చదివిందీ కహకషానే. తొంభై దాటిన బ్రాంటన్ ఎల్లుండి స్వయంగా దోహా వచ్చి సన్మానం అందుకోబోతున్నాడు. వేదిక మీద ఆయన పక్కన కూర్చుని ప్రశ్నలు అడగవలసింది కూడా ఆమే.

బ్రాంటన్ పేరు తెలియనివాళ్లు కూడా ఒక దృశ్యాన్ని ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. కొండ అంచున దౌడు తీస్తున్న గుర్రం ముందుకాళ్లు మడిచి కూలుతుంది. షెరీఫ్ గాల్లోకి ఎగిరి తలకిందులుగా నేలకు కొట్టుకుంటాడు. అంతా దుమ్ము. ఆ దుమ్ములోంచి, చొక్కా మీద నెత్తురు మరకతో, షెరీఫ్ మెల్లగా లేచి, టోపీ దులిపి నెత్తిన పెట్టుకుని నవ్వుతాడు. సీరియల్ నడిచిన ఏడేళ్లూ ప్రతి భాగం ఈ దృశ్యంతోనే మొదలయ్యేది.

బ్రాంటన్‌ను బ్రాంటన్ చేసింది అదే. అంతకు ముందు ఆయన లిఫ్టు నడిపే కుర్రాడిగా, పేరులేని సిపాయిగా, హోటల్లో ప్లేట్లు మోసేవాడిగా కనిపించి మాయమయ్యేవాడు. ఆ ఒక్క పడడంతో ఇంటింటి మొనగాడయ్యాడు. ఆ తర్వాత సినిమాలు వచ్చాయి. ఒకదాంట్లో ముఖానికి గోధుమ రంగు పూసుకుని ఎడారి షేక్ వేషం కూడా కట్టాడు. వయసు మళ్లాక పోలీసు సీరియళ్లలో ముసలి కెప్టెన్, ఆపైన నడుంనొప్పి మందు ప్రకటనలు. ఎక్కడికి పోయినా, ఎవరు మైకు పెట్టినా చెప్పింది ఒకటే మాట: "నా బదులు ఇంకెవరూ పడలేదు. నేనే పడ్డాను, నేనే లేచాను."

ఆ మాటనే కహకషాన్ తన వ్యాఖ్యానంలో ఇంకా అందంగా చెప్పింది. 'డూపులను నమ్ముకున్న కాలంలో తన ఎముకలను తానే పణంగా పెట్టిన నటుడు' అని రాసి, గొంతు కాస్త బరువు చేసి చదివింది.

రీళ్లు శుభ్రం చేస్తున్నప్పుడు ఒక చిక్కు వచ్చింది. పాత టీవీల్లో మసకగా పోయిన ముఖం ఇప్పుడు పెద్ద తెర మీద స్పష్టంగా కనబడసాగింది. పడుతున్న మనిషి బ్రాంటన్ కాదు. మీసాలున్న, నల్లటి, సన్నటి మనిషి. "ఎవడో డూపు. అందరు చేసిందే గద బేటా. సార్ ముఖం అతికియ్యి" అన్నాడు ఫసీయుద్దీన్. కహకషాన్ అతికించింది. ల్యాబ్‌లో అది మామూలు పనే. నటులు గొప్పలు చెప్పుకోవడం కూడా మామూలే అనుకుని నవ్వుకుంది.

పోయిన వారం భాగంలో, డబ్బా అడుగున నల్ల కాగితంలో చుట్టి ఉన్న ముక్క రీలు దొరికేదాకా ఆమెకు నవ్వుగానే ఉంది.

ఆ ముక్కలో కెమెరా ఆగలేదు. దుమ్ము అణిగాక కూడా తిరుగుతూనే ఉంది. డూపు నేల మీద పడి ఉన్నాడు. అతని మెడ ఏ మనిషి మెడా తిరగకూడని వైపు తిరిగి ఉంది. తల కింద నేల తడిసింది. ఇద్దరు మనుషులు పరుగెత్తుకొచ్చి, ఒకడు చంకల కింద, ఒకడు కాళ్ల దగ్గర పట్టుకుని అతన్ని పక్కకు ఈడ్చేశారు. అప్పుడు అచ్చం అలాంటి బట్టల్లోనే బ్రాంటన్ వచ్చాడు. మడత నలగని చొక్కా, దువ్విన జుట్టు. నేల మీది టోపీ తీసుకున్నాడు. డూపు పడ్డ చోటనే, ఆ తడి మీదనే బోర్లా పడుకున్నాడు. చొక్కా బాగా అంటుకునేలా ఛాతీని నేలకు రెండుసార్లు అదిమాడు. తర్వాత లేచాడు. నవ్వాడు.

తెర తెల్లబడింది అక్కడే.

*

గదిలో సిర్కా వాసన, వెనిగర్ పులుపు. కుళ్లిపోతున్న పాత ఫిల్ముకు ఆ వాసన ఉంటుంది. ఇన్నేళ్లలో కహకషాన్‌కు అది అలవాటైపోయింది. ఇవాళ మాత్రం ఆ పులుపు గొంతు వెనక్కి వచ్చి అంటుకుంది. తన వేళ్లు చూసుకుంది. ఆ సీరియల్ నలుపు తెలుపులో తీసినది. చొక్కా మీది ఆ మరకకు రంగు వేసిన వేళ్లు ఇవి. ఒక ఎరుపు మరీ పల్చగా ఉందనీ, ఇంకొకటి మరీ నల్లగా ఉందనీ మార్చి మార్చి చూసింది. చివరికి "దానిమ్మ గింజ రంగు పెట్టు బేటా, తెర మీద మెరుస్తది" అని ఫసీయుద్దీన్ చెబితే అదే పెట్టింది. బాగుందని ఇద్దరూ చాయ్ తాగారు.

తలుపు తోసుకుని ఫసీయుద్దీనే వచ్చాడు. ఒక చేతిలో కరక్ చాయ్, ఇంకో చేతిలో కాగితంలో చుట్టిన చపాతీ రోల్.

"ఏంది బేటా, గట్ల కూసున్నవ్? ఇంకో గంటల లండన్ నుంచి బ్రాంటన్ సార్ వీడియో కాల్ ఉన్నది. ఛానల్ నుంచి సుహాసిని మేడమ్ బయల్దేరిందట. ముఖం కడుక్కో పో."

"చిచ్చా, ఇది చూడుండ్రి."

రీలును ఆమె ముందే కంప్యూటర్లోకి ఎక్కించింది. మీట నొక్కింది. ఫసీయుద్దీన్ నిలబడే చూశాడు. మొదట నములుతూ చూశాడు. డూపును ఈడుస్తున్నప్పుడు నమలడం నెమ్మదించింది, కానీ ఆగలేదు. బ్రాంటన్ బోర్లా పడుకున్నప్పుడు నోట్లో ఉన్నది మింగి, కాగితంతో పెదవులు తుడుచుకున్నాడు.

తెర తెల్లబడగానే ఆయనే చెయ్యి చాచి ఆపేశాడు.

"యాడ దొరికింది నీకిది?"

"డబ్బా అడుగున. నల్ల కాయితంల."

"ఊఁ." చాయ్ కప్పు బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడు ఏమంటవ్?"

"నేనేమంట? మీరే చెప్పుండ్రి. మనిషి చచ్చిండు చిచ్చా. వాని నెత్తురు మీద పండుకొని చొక్కాకు అద్దుకున్నడు. నేను దానికి దానిమ్మ రంగు ఏసిన. వాని ముఖం తుడిచేసి ఈయన ముఖం పెట్టిన. ఇంక వానిది ఏం మిగిలింది గండ్ల? ఒళ్లు వానిది, పడుడు వానిది, నెత్తురు వానిది. పేరు మాత్రం ఈయనది."

"మెల్లగ మాట్లాడు. బయట పిల్లలు పనిజేస్తున్నరు."

"వాళ్లు గూడ వినాలె."

"కహకషాన్!" అన్నాడు ఆయన గట్టిగా. వెంటనే గొంతు తగ్గించాడు. "బేటా, వాడు చచ్చిండని నీకెట్ల తెల్సు? నువ్వేమన్న డాక్టర్‌వా? ఆ జమానల సిన్మాలు గట్లనే తీస్తుండె. గుర్రాల కాళ్లకు తీగలు గట్టి పడేస్తుండె. మనుషులు పడుతుండె, లేస్తుండె."

"వాడు లేవలె."

ఫసీయుద్దీన్ కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. జగిత్యాల నుంచి దోహాకు వచ్చిన కొత్తలో ఆయన వీడియో క్యాసెట్ల దుకాణం పెట్టాడు. ఆ సంగతి కహకషాన్ చాలాసార్లు విన్నదే. ఇప్పుడు మళ్లీ చెప్పాడు.

"నాకు ఇంగ్లీష్ రాకుండె. దుకాన్‌ల కూసొని ఈయన క్యాసెట్లు ఏసుకొని చూస్తుంటి. ఈయన ఎట్ల నడుస్తడో గట్ల నడుస్తుంటి. ఈయన మాటలు పట్టుకొనే నాలుగు ముక్కలు మాట్లాడుడు నేర్సుకున్న. నా కొడుకు పుడితే ఆయన లెక్క నిలబడాలె అనుకున్న. నీకు ఆయన ఎవడో తెల్లోడు. నాకట్ల కాదు."

"నాకు గూడ మొన్నటిదాంక గట్లనే ఉండె. అందుకే అసహ్యమైతున్నది."

"అసహ్యమైతే కండ్లు మూసుకో. ఎల్లుండి ఒక్క సాయంత్రం. తర్వాత ఆయన పోతడు, మనం మన పని జేసుకుంటం. ఆ ముక్క నాకియ్యి. నేను చూసుకుంట." ఆగి, తల వంచుకుని అడిగాడు. "తెల్లబడ్డంక ఏం చూళ్లె గద నువ్వు?"

ఒక్క క్షణం కహకషాన్‌కు ఆ ప్రశ్న అర్థం కాలేదు. అర్థమయ్యాక తెర వైపు తిరిగింది.

"తెల్లబడ్డంక ఇంక ఉన్నదా?"

ఫసీయుద్దీన్ చాయ్ కప్పును బల్ల మీద పక్కకు జరిపాడు.

"అంటే మీరు చూసిండ్రు. ఆ నల్ల కాయితం మీరే చుట్టిండ్రు."

"డబ్బాలు వచ్చిననాడే చూసిన" అన్నాడు ఆయన. "కాలబెడదామనుకున్న. చెయ్యి రాలె. అడుగున పెట్టిన." ఆమె చెయ్యి మీట వైపు పోవడం చూసి లేచి నిలబడ్డాడు. "చూడకు బేటా. మీ అబ్బా నిన్ను నాకు అప్పజెప్పిండు. నా మాట విను. మొత్తానికి ఇడిసిపెట్టి ఇంటికి పో. అల్ హిలాల్‌ల దింపొస్త పా. ఇంటర్వ్యూ ఇంకెవరితోనన్న చేపిస్త."

కహకషాన్ మీట నొక్కింది.

ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

తెర కొంతసేపు తెల్లగానే ఉంది. తర్వాత క్లాప్ బోర్డు కొట్టారు. మళ్లీ అదే నేల. బ్రాంటన్ మళ్లీ అదే చోట బోర్లా పడుకున్నాడు, లేచాడు, నవ్వాడు. ఎవరో వచ్చి ఆయన టోపీ కాస్త పక్కకు వాల్చి పోయారు. ఇంకో టేకు. ఈసారి నవ్వు కుదరలేదేమో, ఆయనే తల అడ్డంగా ఊపాడు. కెమెరా కొంచెం జరిగింది. చట్రం అంచున గుర్రబ్బండి చక్రం ఒకటి కనిపించింది. దాని వెనక నీడ.

నీడలో ఏముందో చూడడం కహకషాన్‌కు చేతనైన పని. నలుపులోంచి వెలుతురును కొంచెం కొంచెంగా పైకి లాగింది. బూటు కనబడింది. మోకాలు కనబడింది. తర్వాత చెయ్యి. అరచెయ్యి నేలకు ఆనించి ఉంది.

వేళ్లు కదులుతున్నాయి.

మట్టిని గోకుతున్నాయి. ఆగుతున్నాయి. మళ్లీ గోకుతున్నాయి. ఆ పక్కనే బూట్లు అటూ ఇటూ నడుస్తున్నాయి. ఒక్క బూటూ ఆగలేదు. బ్రాంటన్ లేచి నిలబడి, టోపీ దులుపుతూ, తల తిప్పి సరిగ్గా ఆ చక్రం వైపే చూశాడు. చూసిందేమిటో తెలిసిన చూపు. తర్వాత కెమెరా వైపు తిరిగి, చూపుడువేలు ఎత్తి ఏదో అన్నాడు. శబ్దం లేదు. కానీ సీరియల్ డబ్బింగ్ కోసం ఆయన పెదవుల కదలికకు మాటలు సరిపెట్టడం కూడా ఇన్ని నెలలుగా ఆమె చేసిన పనే. ఆ పెదవులు ఏమన్నాయో ఆమెకు తెలిసిపోయింది.

ఇంకొక్కసారి.

కహకషాన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బాత్రూంకు పరుగెత్తింది. పొద్దున తిన్నదంతా పోయింది. తర్వాత పైత్యం కూడా పోయింది. నీళ్లు తిప్పి ముఖం కడుక్కుంటే అద్దంలో కనబడిన మనిషి మీద కూడా ఆమెకు జాలి కలగలేదు. గొంతు బరువు చేసి వ్యాఖ్యానం చదివిన నోరు అదే మరి.

తిరిగి వచ్చేసరికి ఫసీయుద్దీన్ గోడ వైపే నిలబడి ఉన్నాడు. భుజాలు కుంగిపోయి, ఒక్కసారిగా ముసలివాడైపోయినట్టు కనిపించాడు. అయినా ఆమెకు దగ్గరికి వెళ్లబుద్ధి కాలేదు.

"చేయి కదిలేది మీకు కనబడ్డది. కనబడ్డంకనే నాతోని ముఖం అతికిపిచ్చిండ్రు" అంది.

"ఔ" అన్నాడు.

*

"అమ్మయ్య, ఇద్దరూ ఇక్కడే ఉన్నారా!"

ఛానల్ తరఫున కార్యక్రమం చూసుకునే సుహాసిని పరిమళాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. కాకినాడ మనిషి. మాట ఎంత వేగమో చేతులూ అంత వేగం. బల్ల మీద కెమెరా సర్దుతూనే మాట్లాడుతోంది.

"హాలు మొత్తం నిండిపోతుందండీ. ట్రైలర్ చూసి మా వాళ్లు పిచ్చెక్కిపోయారు. ముఖ్యంగా ఆ పడే షాటు! కహకషాన్ గారూ, ఆ నెత్తురు రంగు ఎంత బాగా కుదిరిందండీ! నిజం నెత్తురులాగే ఉంది." కహకషాన్ ముఖం చూసి ఆగింది. "ఏంటండీ, ఒంట్లో బాలేదా?"

"తనకు పానం మంచిగ లేదు మేడమ్. కాల్ నేను మాట్లాడ్త" అన్నాడు ఫసీయుద్దీన్ గబగబా.

"నేనే మాట్లాడతా" అంది కహకషాన్. కుర్చీ జరుపుకుని కెమెరా ముందు కూర్చుంది.

తెర మీద లండన్ హోటల్ గది తేలింది. తెల్లటి జుట్టు, మెరిసే పళ్ల వరుస, మెడకు పట్టు రుమాలు. వెనక ఒక నర్సు నిలబడి ఉంది. లాయిడ్ బ్రాంటన్ చెయ్యి ఊపాడు. గొంతు వణికినా మాట స్పష్టంగా ఉంది.

"నన్ను మళ్లీ కుర్రవాణ్ణి చేసిన అమ్మాయివి నువ్వేనా?" అన్నాడు ఇంగ్లీషులో.

సుహాసిని నవ్వింది. కహకషాన్ నవ్వలేదు.

"వేదిక మీద మొదట ఏం అడుగుతావో నాకు తెలుసు" అన్నాడాయన. "అందరూ అడిగేదే. ఆ గుర్రం సంగతి. ఆ రోజు దర్శకుడు డూపును పిలవమన్నాడు. నేను ఒప్పుకోలేదు. పడితే నేనే పడాలి, లేస్తే నేనే లేవాలి అన్నాను. నడుం ఇప్పటికీ నొప్పే. అందుకేగా ఆ మందు ప్రకటనలో నన్ను పెట్టుకున్నారు!" చెప్పి, నవ్వు కోసం సరిగ్గా ఎంత ఆగాలో అంత ఆగాడు.

సుహాసిని నవ్వింది. ఫసీయుద్దీన్ కూడా, తనకు తెలియకుండానే, గొంతులో ఒక చిన్న నవ్వు నవ్వాడు. జోకు ఆయనకు కంఠతా వచ్చు. నవ్వవలసిన చోట నోరు దానంతటదే నవ్వింది. ఆ నవ్వు వినగానే కహకషాన్‌లో ఇంకా ఏమైనా మొహమాటం మిగిలి ఉంటే అది తెగిపోయింది.

"మిస్టర్ బ్రాంటన్, ఆ పడ్డ మనిషి పేరేమిటి?" అని అడిగింది.

ఆయన నవ్వు పళ్ల మీద అలాగే ఉండిపోయింది.

"అర్థం కాలేదు."

"మీసాలున్న మనిషి. మీ బట్టల్లాంటి బట్టలే. బండి చక్రం వెనక పడుకోబెట్టారు."

"కహకషాన్ గారూ, ఏంటిది? స్క్రిప్టులో ఇది లేదు కదండీ!" సుహాసిని ఆమె మోచెయ్యి పట్టుకుని లాగింది. ఫసీయుద్దీన్ కాల్ ఆపేయడానికి బల్ల వైపు చెయ్యి చాచాడు. కానీ ఆ చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. ఆయన కూడా తెర వైపే చూస్తున్నాడు.

బ్రాంటన్ వెనక్కి తిరిగి నర్సును బయటికి పొమ్మన్నాడు. తలుపు మూసుకున్న చప్పుడు వినబడింది. తర్వాత రెండు వేళ్లు నోట్లో పెట్టి, ఆ మెరిసే పళ్ల వరుసను తీసి పక్కన పెట్టాడు. బుగ్గలు లోపలికి పోయాయి. సుహాసిని ముఖం తిప్పుకుంది.

"ఆ ముక్క కాల్చేశామని చెప్పారు నాకు" అన్నాడు. మాట ఇప్పుడు బోసిగా, తడిగా వస్తోంది. "ఎంతవరకు చూశావు?"

"వేళ్లు కదలడం చూశాను. మీరు అటు చూడడం చూశాను. ఇంకొక్కసారి అనడం కూడా."

ఆయన పెదవులు నాక్కున్నాడు.

"హెక్టర్" అన్నాడు. "హెక్టర్ సాలస్. అతను ఆ దెబ్బకు చావలేదమ్మాయీ. అందరూ లారీలెక్కి భోజనాలకు పోయారు. టోపీ మరిచిపోయానని నేనొక్కణ్ణే వెనక్కి వచ్చాను. అతను కళ్లు తెరిచి ఉన్నాడు. మంచినీళ్లు అడిగాడు. నన్నే అడిగాడు."

కహకషాన్ తెరకు ఇంకొంచెం దగ్గరగా జరిగింది.

"మీరు ఇచ్చారా?" అంది.